తండా మీదుగా పోయిన లైను

ఆ ఏడు ఎండాకాలంలో పెద్ద కరెంటు లైను వేసేవాళ్లు పాల్వంచ అడవి అంచున ఉన్న లంబాడా తండాకు వచ్చారు. లైను దారిలోనే భీమ్లా చేను ఉంది. చేనుగట్టున అతని భార్య రూప్లి వాగు నుంచి నీళ్లు మోసి పెంచిన మామిడిచెట్లు అప్పుడే కాపుకు వచ్చాయి.

"చెట్లు తీస్తెనే తీగలు లాగేది," అన్నాడు ఇంజనీరు వెంకటరామారావు.

"తండాకు కరెంటు ఇస్తరా సారూ? బాయిల నీళ్లున్నయ్. మోటరు పెడితె మిరప పండుతది," అన్నాడు భీమ్లా.

"ఇంత పెద్ద లైను మీ మీదికెల్లి పోతుంటె మీకు రాకుంట ఎట్లుంటది?"

అబద్ధమాడాలని అన్న మాట కాదది. వస్తుందనే అతనూ అనుకున్నాడు.

తండావాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల ఇప్పచెట్లు కూడా పోతాయి. భీమ్లాయే ఇల్లిల్లూ తిరిగి నచ్చజెప్పాడు. అందరికంటే ముందు తన చెట్లు తానే కొట్టాడు. రూప్లి ఆ రోజు చేనువైపు రాలేదు.

వానలు పడేసరికి ఇనుప టవర్లు లేచాయి. తీగల కింద నిలబడితే సన్నగా మోత వినిపించేది. ఇళ్లలో మాత్రం కిరసనాయిలు బుడ్లే. అయినా భీమ్లా నమ్మకంతో ఎన్నడూ వేయనంత మిరప వేశాడు. వానలు వెనకపట్టాక బస్సెక్కి పాల్వంచ పోయి ఇంజనీరును కలిశాడు.

"పెద్ద లైనుది ఒక పద్దు భీమ్లా, పల్లెలకిచ్చేది ఇంకో పద్దు. ఈ బడ్జెట్టుల మీ తండాలకు ఏం రాలే."

"నెత్తి మీదికెల్లే పోతున్నది గద సారూ. జెర కిందికి దింపరాదా?"

"అంత పవరు అట్ల దింపరాదు. సబ్‌స్టేషన్ కట్టాలె. నేను రాసి పంపిన. ఒప్పుకోలే."

భీమ్లాకు అతని మీద కోపం కూడా రాలేదు. తిరుగు బస్సెక్కి వచ్చేశాడు.

ఎడ్లతో తోడిన నీళ్లు రెండు మడులు దాటలేదు. పూతలోనే మిరపతోట ఎండిపోయింది. ఒకనాడు పక్కింటి సోమ్లా వచ్చి అడిగాడు.

"నీ మాట ఇనే గద చెట్లు కొట్టుకున్నం. ఇప్పుడేం జేద్దమంటవ్?"

 ఆ తర్వాత భీమ్లా నలుగురు కూర్చున్న చోటికి పోవడం మానేశాడు. మరుసటి బడ్జెట్టులోనైనా వస్తుందేమోనని అడగడానికి కూడా కాలు కదలలేదు. ఇంజనీరుకు బదిలీ అయిందని ఎవరో చెప్పారు.

మాఘంలో భార్యాభర్తలిద్దరూ మిరప కోతల కూలికి మధిర పోయారు. అక్కడ ఆసామి మోటరు మీట నొక్కగానే గొట్టంలోంచి నీళ్లు దుమికి కాలువ నిండా పారాయి. భీమ్లా చెయ్యి ఆగిపోయింది.

"మన తండా మీదికెల్లి వచ్చిన కరెంటేనా ఇది?" అని మెల్లగా అడిగింది రూప్లి.

"నాకు తెల్వదు."

అతను సాళ్ల మధ్యే కూలబడ్డాడు. మేస్త్రీ రెండుసార్లు కేకేసినా లేవలేదు. రూప్లి తన సాలు వదిలి వచ్చి, అతని సాల్లో కాయలు కోయసాగింది.