ఆరాక రా

మడ్‌గార్డు ఊడిన సైకిలు మీద, జోరువానలో అంత దూరం తొక్కుకుంటూ వచ్చేసరికి ఆమె తడిసి ముద్దయింది. వీపంతా బురద చార. దారిలో ఓ కారువాడు గుంటలో నీళ్ళన్నీ మొహాన కొట్టి, వెనక్కి తిరిగైనా చూడకుండా పోయాడు. వాడి ఏడు తరాలనూ తిట్టిపోస్తూనే రెయిన్‌కోట్ల ఫ్యాక్టరీలో అడుగుపెట్టింది.

గుమ్మంలోనే సూపర్‌వైజరు ఎదురయ్యాడు. పనివాళ్ళు అతణ్ణి చాటుగా ఉరుము అంటారు.

"అక్కడే ఆగు! ఆ నీళ్ళు సరుకు మీద కారితే పాడైపోదూ? బయట నిలబడి, ఆరాక రా."

"బయట వాన పడుతోంది సార్."

"అదంతా నాకనవసరం."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దస్తమానం రెయిన్‌కోట్లు కుట్టే మనిషికి ఒక్క కోటు ఇచ్చిన పాపాన పోలేదు, పైగా ఈ పెత్తనం! అతణ్ణి దాటుకుని విసురుగా లోపలికి నడిచింది. పక్క మిషను మీద కుట్టే పిన్ని, "ఊరుకోవే, ఉద్యోగం ఊడుతుంది" అని చెయ్యి పట్టి లాగినా వినలేదు. గుట్టలోంచి నిన్న తాను కుట్టిన కోటు లాగి, తడిబట్టల మీదే తొడుక్కుని, మెడదాకా బొత్తాలు పెట్టుకుని మిషను ముందు కూర్చుంది.

"ముందా కోటు తియ్! సరుకంతా తడుస్తుంది!"

"ఎలా తడుస్తుంది సార్? ఈ కోటు దాటి ఒక్క చుక్క బయటికి రాదు. వస్తుందంటారా, అయితే మనం జనానికి అమ్మేదేంటో మీరే గట్టిగా చెప్పండి. అందరూ వింటారు."

మిషన్లన్నీ ఆగిపోయాయి. ఉరుము ఉరమలేదు.