పన్నెండు గడుల సహానుభూతి

నేను దర్జీని. మా ఆవిడ పోయి నాలుగు నెలలైంది. అప్పట్నుంచి కత్తెర పట్టలేదు. ఎందుకు లేవాలి, ఎవరి కోసం కుట్టాలి అని రోజూ పొద్దున్నే గోడని అడుగుతున్నాను. గోడ నయం, సలహాలివ్వదు. మా అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. "ఇలాగే ఉంటే నువ్వూ మాకు దక్కవు నాన్నా" అంటూ మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడే కౌన్సిలర్ గదిలో కూర్చోబెట్టి, తను బయట కూర్చుంది.

కౌన్సిలర్‌కి పాతికేళ్లుంటాయి. ఎడమ భుజం అర అంగుళం దిగువ. ఒళ్లో అట్టకి తగిలించిన కాగితం, దాని మీద, వచ్చినవాళ్లతో ఎలా మెలగాలో రాసిన పన్నెండు గడులు. తను ముందుకి వంగితే ఒక టిక్కు, తలూపితే ఒక టిక్కు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా? రెప్ప వేయకుండా నా కళ్లలోకే చూస్తున్నాడు.

"పొద్దున్నే లేవబుద్ధి కావట్లేదు బాబూ," అన్నాను.

"లేవబుద్ధి కావట్లేదు," అన్నాడు. టిక్కు.

"అసలు బతకడానికి అర్థమేంటో తెలియట్లేదు."

"అర్థమేంటో తెలియట్లేదు." టిక్కు.

"చెవుడు నీకా, నాకా?"

"మీకు కోపం వస్తున్నట్టుంది." ఇంకో టిక్కు.

తర్వాత నోరు మూసుకుని గడియారం వైపు చూడసాగాడు. ఏడు సెకన్ల మౌనం కూడా ఒక గడేనట. అడిగితే పాపం దాచుకోకుండా చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నేనూ టేపు పెట్టే కొలుస్తాను బాబూ. కానీ టేపు కోసం చొక్కా కుట్టను," అని లేచాను.

అతని మొహం వాడిపోయింది. అట్ట పక్కన పడేశాడు. "వెళ్లకండి. ఏం అడగాలో నాకు నిజంగా తెలియట్లేదండీ. ఆవిడ పేరేంటి?"

మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ పేరు నేను పైకి అన్నదే లేదు. "ఇదిగో", "వింటున్నావా" అంటూనే కాపురం నడిపేశాను. ఆమె కూడా ఏ రోజూ ఇదేంటని అడగలేదు.

చివరికి అన్నాను. ఒకసారి అన్నాక ఆపలేకపోయాను. నాలుగైదుసార్లు గట్టిగా పిలిచాను. అమ్మాయి కంగారుగా తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"నాన్నా, అమ్మని పిలుస్తున్నావా?"

"అవునమ్మా. ఉన్నప్పుడు పిలవాల్సింది," అని దాని భుజం మీద పడి ఏడ్చేశాను.