గుండీ అతికించిన మీట

ఎడమచేత్తో భార్య వీపు నిమురుతూ, కుడిచేత్తో ఫిర్యాదులకు జవాబులు కొడుతున్నాడాయన. కొట్టడమంటే టైపు చెయ్యడం కాదు. అరచేతిలో ఇమిడే కీప్యాడ్, దానికి మూడే మీటలు, పక్కన తిప్పే బిళ్ళ. ఏది నొక్కితే ఏ వాక్యం రావాలో ముందే ఎక్కించి పెట్టుకున్నాడు. నీలం దీపం వెలిగితే ఆఫీసు మోడ్. మొదటి మీటకు 'మీ ఫిర్యాదు అందింది', రెండోదానికి 'మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం', మూడోదానికి 'దయచేసి వేచి ఉండండి'. కంపెనీ అమ్మిన మిక్సీలు కాలిపోతే చింతించడం ఆయన ఉద్యోగం. ఆయన కోసం కంపెనీ చింతించిన పాపాన పోలేదు.

బిళ్ళ తిప్పితే దీపం పచ్చబడుతుంది. అది ఆవిడ మోడ్. గొంతు ఆపరేషనుతో మాట పోయాక, అవే మీటలకు ఆవిడ మాటలు ఎక్కించాడు. నీళ్ళు, నొప్పి, రా. నొక్కితే కంప్యూటర్లోంచి ఆయన ఫోనుకు కబురు వెళుతుంది. 'రా' అనే మూడో మీట తడిమితే దొరకాలని తన పాత చొక్కా గుండీ దానిమీద అతికించాడు. కళ్ళజోడు లేకపోతే ఆవిడకు రంగులు ఆనవు. తెర కూడా మంచానికి వీపు పెట్టి ఉంటుంది. అందుకే రోజూ ఆయన ఆఫీసుకని గడప దాటేముందు ఆవిడ ఒకసారి నొక్కేది. జేబులో ఫోను కుయ్యిమనేది. "వచ్చింది" అనేవాడు. వాళ్ళిద్దరికీ 'వెళ్ళొస్తాను' అంటే అదే.

ఇవాళ ఆ తంతు జరగలేదు. మధ్యలో సూపర్‌వైజరు ఫోను చేశాడు.

"పెద్దాయనా, పెండింగు కొండలా పేరుకుంది. వస్తున్నారా, ఇంకొకరిని చూసుకోమంటారా?"

కీప్యాడ్ ఆవిడ చేతిలో పెట్టి, దుప్పటి సర్ది, చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరుగు తీశాడు.

ఆఫీసులో ఫోను కిక్కురుమనలేదు.

"ఏం బాబాయ్, పిన్ని అలిగిందా? ఇవాళ ఒక్క పిలుపూ లేదు," అంది పక్క కుర్చీ అమ్మాయి.

"రాత్రంతా కన్ను మూయలేదమ్మా. ఇప్పుడు నిద్ర పట్టుంటుంది. పడుకోనీ."

ఎన్నాళ్ళకో ఆవేళ స్థిమితంగా భోంచేశాడు.

ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. మంచం పక్కన కూర్చున్న పక్కింటి అక్కయ్య లేవలేదు.

"ఇందాకే పోయింది తమ్ముడూ," అంది. "నీకు ఫోను చేస్తే ఎత్తలేదు, బస్సులో ఉన్నట్టున్నావు."

ఆయన గోడకు చెయ్యి ఆన్చుకున్నాడు.

"ఆయాసపడింది. ఎప్పుడూ వచ్చేదే అనుకున్నా. ఫోన్ చెయ్యనా అంటే ఆ డబ్బీ చూపించింది. నొక్కుతూనే ఉంది. నీకు అందుతోంది కదా, దారిలో ఉన్నావనుకున్నాం ఇద్దరం."

ఆయన వెళ్ళి తెర వెలిగించాడు. పొద్దున సగంలో వదిలేసిన జవాబు, ఎవరిదో కాలిపోయిన మిక్సీ. దాని కింద తెర అడుగుదాకా ఒకటే వాక్యం. దయచేసి వేచి ఉండండి. దయచేసి వేచి ఉండండి. దయచేసి వేచి ఉండండి.

"ఏముంది తమ్ముడూ అందులో?"

"పిలిచింది," అన్నాడు.

అక్కయ్య పక్కవాళ్ళను పిలుచుకురావడానికి బయటికి నడిచింది. ఆయన మంచం దగ్గర కూలబడి ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. అరచేతిలో గుండీ గుర్తు గుండ్రంగా దిగబడి ఉంది. దుప్పటి మడతలో కీప్యాడ్ నీలంగా వెలుగుతూనే ఉంది.