కస్టమర్లకు మాత్రమే

ఆ రోజు తలుపు దగ్గర నిలబడింది నేనే. అందుకే ఈ కథ నేనే చెప్పాలి. కార్ఖానాల్లో పనిచేసే మీరూ, చదువుకుంటున్న మీరూ వినండి. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి.

మా పేట నగరం నడిబొడ్డుకు ఆనుకుని ఉంటుంది. పేపర్లవాళ్ళు దాన్ని సందడి పేట అని రాస్తారు. నిజమే, సందడే. కింద హోటళ్ళు, వాటిపైన కుట్టు కార్ఖానాలు, ఆపైన రేకుల గదుల్లో మేము. ఒక కిటికీలోంచి పాట వస్తుంటే పక్క కిటికీలోంచి మిషన్ల చప్పుడు. బొమ్మలు వేసిన గోడల ముందు ఫొటోలు దిగడానికి ఊరు ఊరంతా మా వీధికి వస్తుంది. ఆ సందడిని వండేది, కుట్టేది, కడిగేది మేమే.

మార్కెట్టు వెనక మాకొక మరుగుదొడ్డి ఉండేది. మున్సిపాలిటీది, పాతది, గొళ్ళాలు కూడా సరిగా పడేవి కావు. కార్ఖానాల్లోని మూడొందల మంది ఆడవాళ్ళకు అదొక్కటే దిక్కు. హోటళ్ళకొచ్చేవాళ్ళ కార్లు పెట్టుకోడానికి చోటు కావాలని ఆ స్థలాన్ని ఒక కాంట్రాక్టరుకు అప్పజెప్పారు. అతను మొట్టమొదట చేసిన పని దానికి తాళం వేయించడం.

తాళం పడిన పన్నెండో రోజు మధ్యాహ్నం, నేను తలుపు దగ్గర పనిచేసే హోటలు కిక్కిరిసి ఉన్న వేళ, కాజాల పిన్ని వచ్చింది. చొక్కాలకు కాజాలు కుట్టడం ఆవిడ పని. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్న ఏడాదంతా నాకు స్నానం చేయించి, తల దువ్వి, బడికి పంపింది ఆవిడే.

"నాన్నా, ఒక్కసారి లోపలికి పోనియ్యి. ఆగలేకపోతున్నాను," అంది గుసగుసగా.

నా వెనక కౌంటర్లో మేనేజరున్నాడు. బయటివాళ్ళను లోపలి దొడ్డికి పోనిచ్చాడని ముందు వారమే ఒక సర్వరును పనిలోంచి పీకేశాడు. తిరిగి చూడకుండానే అతని చూపు నా మెడ మీద తగిలింది.

"కస్టమర్లకు మాత్రమే అండీ," అన్నాను.

అండీ అన్నాను. పిన్నీ అని కూడా అనలేదు. ఆవిడెవరో నాకు తెలియనట్టు.

"సరే," అంది. రెండు మెట్లు దిగింది. మూడో మెట్టు మీద ఆగి గోడ పట్టుకుంది. బట్టలు తడిసి మెట్ల మీదకు కారింది. బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకడు ఫోను పైకెత్తాడు. నేను తలుపు పట్టుకుని కొయ్యలా నిలబడ్డాను. పిన్ని చేతిసంచి అడ్డం పెట్టుకుని, గోడ వారగా నడుస్తూ వెళ్ళిపోయింది.

"చూస్తావేం? ఫినాయిల్ పోసి తుడువు," అన్నాడు మేనేజరు.

తుడిచాను. శుభ్రంగా తుడిచాను.

వంటింట్లోకి వెళ్తే వంటమాస్టారు నా వైపు చూడలేదు. పొయ్యితో మాట్లాడుతున్నట్టు అన్నాడు: "నువ్వొక్కడివే కాదురా. నేనూ కిటికీలోంచి చూశాను. చేతిలో గరిటె దించలేదు."

మర్నాడు పొద్దున్నే పిన్ని గదికి పోయాను. తలుపు సగం తీసింది.

"పిన్నీ, ఉద్యోగం పోతుందని..."

"తెలుసు. నువ్వు కాకపోతే ఇంకొకడు ఆ మాటే అనేవాడు. కానీ అన్నది నువ్వు."

తలుపు మూసింది. ధడాలున వేసినా బాగుండేది. మెల్లగా మూసింది.

ఆ వారంలోనే తెలిసింది, కార్ఖానా ఆడవాళ్ళు పొద్దున్నుంచి నీళ్ళు ముట్టడమే మానేశారని. ఒకమ్మాయి మిషను మీదే పడిపోయింది. వీధి ఊడ్చే అక్క ఇక ఊరుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం కార్ఖానా డాబా మీద అందర్నీ పోగేసింది.

"ఇది ఆడవాళ్ళ గొడవ కదా," అన్నాడు ఒక ఇస్త్రీ పనివాడు. "ముందు పనిగంటల సంగతి మాట్లాడుకుందాం."

"మీకేం, ఏ గోడ కనబడితే ఆ గోడే," అంది అక్క. "మేము పని మధ్యలో మిషను కిందే కానిచ్చెయ్యాలా?"

అందరూ నవ్వారు. కింద కూర్చున్న ఆడవాళ్ళు నవ్వడం లేదని చూసి, ఒక్కొక్కరే ఆపేశారు.

"రెండు అర్జీలిచ్చాం. మూడోది కూడా ఇచ్చి చూద్దాం," అన్నాడు కటింగ్ మాస్టరు.

"రెండూ మున్సిపాలిటీ అధికారి బల్ల మీదే ఉన్నాయి," అంది అక్క. "ఆ గదిలోనే ఆయనకొక దొడ్డుంది. ఆయనకేం తొందర?"

అప్పుడు, మిషను మీద పడిపోయిన ఆ అమ్మాయి లేచింది. "ఆ రోజు తలుపు దగ్గరున్నవాడు మనవాడేనట. ఎవడు వాడు?"

లేచాను. నేనేనన్నాను. అండీ అన్న మాటతో సహా అంతా చెప్పాను. ఎవరైనా వచ్చి చెంప పగలగొడితే బాగుండనిపించింది. ఎవరూ రాలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"సిగ్గుపడు," అంది ఊడ్చే అక్క. "పడాల్సిందే. కానీ ఇంట్లో ముసుగు తన్ని పడితే మాకేం లాభం? పదిమందిలో పడు. పనికొచ్చేలా పడు."

వెనక వరసలోంచి పిన్ని గొంతు వినబడింది. ఆవిడ వచ్చిందని నాకు తెలియదు.

"వారం నుంచి మొహం దాచుకుని బతుకుతున్నాను. ఎందుకు? నేనేం చేశాను? నీళ్ళు తాగాను. పొద్దున్నుంచి కూచుని కుట్టాను. తాళం వేసినవాడు కారులో దర్జాగా తిరుగుతుంటే, దాక్కున్నది నేను."

ఇక ఎవరూ అర్జీ మాటెత్తలేదు.

సోమవారం పన్నెండున్నరకు మిషన్లు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ వీధిలో అలాంటి నిశ్శబ్దం నేను వినలేదు. వంటమాస్టారు పొయ్యిలార్పి బయటికొచ్చాడు. నేనూ కదిలాను.

"వెళ్తే మళ్ళీ రాకు," అన్నాడు మేనేజరు.

"రాను," అన్నాను. ఆ మాట వారం ముందు ఎందుకు రాలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

దొడ్డి ముందు కాంట్రాక్టరు నలుగురు మనుషుల్ని పెట్టుకుని నిలబడ్డాడు. "ఇది నా స్థలం. కేసులవుతాయి."

"నీదైతే ఇన్నేళ్ళూ నేనెందుకు కడిగాను?" అంది అక్క. సుత్తి నా చేతిలో పెట్టింది. "ఊఁ, కానియ్యి."

మొదటి దెబ్బ నా బొటనవేలి మీదే పడింది. మూడో దెబ్బకు తాళం ఊడింది. మూడొందల మంది ముందుకు తోసుకొస్తుంటే ఆ నలుగురూ వాళ్ళంతట వాళ్ళే పక్కకు తప్పుకున్నారు.

ఆడవాళ్ళు వరస కట్టారు. ఒకరు లోపలికి వెళ్తే మిగతావాళ్ళు చేతులు కలిపి చుట్టూ నిలబడ్డారు. బయటికొచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆ వలయంలో చేరారు. హోటళ్ళలో తింటున్నవాళ్ళు మూతులు తుడుచుకుంటూ వచ్చి ఫోన్లు ఎత్తారు. పిన్ని తల తిప్పుకోలేదు. "తియ్యండి," అంది. "ఈసారి మొహం పడేలా తియ్యండి."

పోలీసులొచ్చారు. లాఠీలు లేచాయి. ఊడ్చే అక్క నుదురు చిట్లింది, వలయం మాత్రం విడలేదు. తాళం పగలగొట్టానని నన్నూ, అడ్డమొచ్చాడని వంటమాస్టార్నీ వ్యానులోకి తోశారు. పిన్ని తనంతట తనే ఎక్కింది.

"నిన్నెవరు ఎక్కమన్నారు?" అన్నాడు పోలీసు.

"లోపలికి మొదట వెళ్ళింది నేను. అది నేరమైతే రాసుకో."

వ్యానులో నేను కూర్చున్న బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. చెమటా, మిషను నూనే కలిసిన ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. కళ్ళెత్తి చూడటానికి నాకు మొహం చెల్లలేదు.

"పిన్నీ, నన్ను..."

"క్షమించలేదు," అంది. "జరుగు. నాకు చోటియ్యి."

జరిగాను. పక్కన కూర్చుంది. నా సిగ్గు నాలోనే ఉంది, ఇవాళ్టికీ ఉంది. కానీ ఆ బల్ల మీద మా ఇద్దరికీ చోటు సరిపోయింది.

కిటికీ ఊచల్లోంచి చూస్తే వ్యాను ముందు ఆడవాళ్ళు కూర్చుంటున్నారు. పక్కవీధి బట్టలుతికేవాళ్ళు తడిచేతులతోనే వస్తున్నారు. వాళ్ళ వెనక రొట్టెల బట్టీ వాళ్ళు, ఇంకా నేనెప్పుడూ చూడని మొహాలు. దొడ్డి దగ్గర వరస అలాగే సాగుతోంది. డ్రైవరు రెండుసార్లు ఇంజను స్టార్ట్ చేశాడు, రెండుసార్లూ ఆపేశాడు.