అందరికీ కంఠతా వచ్చిన చార్టు

నేను ఒక కంటి పరీక్ష చార్టుని. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు. పైనా కిందా రేకు పట్టీలు, రెండింటికీ కొక్కేలు. పై వరుసలో ఒకే అక్షరం: గ. కిందికి పోయేకొద్దీ అక్షరాలు పెరుగుతాయి, సైజు తగ్గుతుంది. ఏడో వరుస కింద సన్నటి అచ్చులో ఒక వాక్యం ఉంది. అచ్చు వేసినవాడు తప్ప దాన్ని చాలాకాలం ఎవరూ చదవలేదని నా అనుమానం. వాడైనా చదివాడని చెప్పలేను.

విజయవాడలో అచ్చయ్యాను. బరువు తూచే మిషను, నులిపురుగుల పోస్టరుతో పాటు ఒకే అట్టపెట్టెలో చినగుండ్లపాడు హైస్కూలుకు వచ్చి బీరువాలో చేరాను. తర్వాత ఒక ఫారం వచ్చింది. ఆరోగ్య కార్యక్రమాలకు బడి ఎంతవరకు సిద్ధంగా ఉందో చెప్పమని ఇరవై రెండు ప్రశ్నలు. హెడ్మాస్టరు కోటిలింగం గారు పెన్ను తీశారు. టీచరుకు శిక్షణ ఇప్పించారా? ఇప్పించాం. ఆ టీచరు జూన్‌లో బదిలీ అయిన సంగతి ఫారం అడగలేదు. సబ్బు ఉందా? ఉంది. కాగితం విప్పకుండా బీరువాలో నా పక్కనే ఉంది. కంటి చార్టు ప్రదర్శనలో ఉందా? ఆయన లేచి, నన్ను ఆరో తరగతి గోడకు తగిలించి, తిరిగి వచ్చి కూర్చుని, ఉంది అని రాశారు. ఆయన అబద్ధం రాసే మనిషి కాదు.

నల్లబల్ల పక్కన ఏది వేలాడినా పిల్లలకు అది పాఠమే. లెక్కల సారు రాని పీరియడ్లలో ఎక్కాల రాగంలో నన్ను చదివారు. గ! రప! వనల! పదిహేను రోజుల్లో ఏడు వరుసలూ బడంతటికీ వచ్చేశాయి.

ఏడాదికోసారి ఆరోగ్య కేంద్రం నుంచి సిస్టరు కరుణమ్మ వచ్చేది. బడి పిల్లలందరినీ ఆ గదికే పిలిచి, ఇరవై అడుగుల దూరంలో గీసిన గీత దగ్గర ఒక్కొక్కరినీ నిలబెట్టేది. తల వంచుకుని వింటూ రిజిస్టరులో టిక్కు పెట్టేది. ఆమెకు రోజుకు మూడు బళ్లు. మొదటి ఏడాది నూట అరవై మందికీ చూపు బాగుంది. రెండో ఏడాదీ అంతే. నేను నమ్మలేదు.

ముఖ్యంగా షాహీన విషయంలో నమ్మలేదు. ఆ పిల్ల మొదటి బెంచీలో కూర్చుని కూడా, బోర్డు మీదిది పక్కనున్న రోజా పుస్తకంలో చూసి రాసుకునేది. నోటుబుక్కును ముక్కుకు ఆనించుకునేది. టీచర్లు దాన్ని శ్రద్ధ అన్నారు.

"రేపు నువ్వు బడికి రాకపోతే నేనూ రానే," అని ఒకరోజు రోజాతో అనడం విన్నాను. "లారీ యాడుందో నాకు తెలవదు. చప్పుడు ఇని రోడ్డు దాటాల."

మూడో ఏడాది కరుణమ్మ స్కూటీ గేటు దగ్గర ఆగగానే కోటిలింగం గారు నన్ను దించి, తువ్వాలుతో దుమ్ము దులిపి, మళ్లీ తగిలించారు. ఆయన కళ్లజోడు ఆఫీసులో టేబులు మీద ఉంది.

"ముందు మా షాహీన చదివిద్ది, ఇనండి సిస్టర్," అన్నారు.

షాహీన గీత దగ్గర నిలబడి ఒక కన్ను మూసుకుంది. గ. రప. వనల. ఏడు వరుసలూ ఎక్కడా తడబడలేదు. కరుణమ్మ టిక్కు పెట్టింది. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు.

"ఏందే ఆ నవ్వులు?"

"సిస్టరమ్మా, చార్టు తలకిందులుగా ఉంది!" అంది రోజా. "గ యాడనో కిందుంటే ఇది పైనుంచి చదవతంది!"

కరుణమ్మ తలెత్తి నన్ను చూసింది. మూడేళ్లలో అది మొదటిసారి.

"అమ్మాయ్, నిజం చెప్పు. ఆడ నీకేం కనపడతంది?"

"తెల్లగా ఉంది."

"మరి అక్షరాలు?"

"అయ్యి నాకొచ్చు గదా సిస్టర్."

కరుణమ్మ నన్ను సరిగా తగిలించి, బెత్తం పట్టుకుని, వరుస తప్పించి ఒక్కో అక్షరం చూపిస్తూ అడిగింది. మిగతా రెండు బళ్లకు ఆ రోజు పోలేదు. సాయంత్రానికి పంతొమ్మిది మంది చదవలేక ఆగిపోయారు.

"పోయినేడు అందరికీ బాగానే ఉన్నాయే," అన్నారు కోటిలింగం గారు.

"పోయినేడు కూడా వీళ్లకు పాట వచ్చు సార్," అంది కరుణమ్మ.

కళ్లజోళ్లు రావడానికి నాలుగు నెలలు పట్టింది. అవి వచ్చిన మర్నాడు షాహీన ఒక్కతే రోడ్డు దాటి, అందరికన్నా ముందు బడికి వచ్చింది. నా ముందు నిలబడి పైనుంచి కిందిదాకా చదివింది. ఏడో వరుస దగ్గర ఆగలేదు.

"సార్, ఈడ ఇంకోటి రాసుంది. పరీక్ష సమయంలో తప్ప ఈ చార్టును పిల్లలకు కనిపించేలా ఉంచరాదు."

కోటిలింగం గారు జేబు తడుముకుని కళ్లజోడు పెట్టుకున్నారు. వంగి చూశారు. తర్వాత నన్ను చుట్టి బీరువాలో పెట్టారు. సబ్బు ఇంకా అక్కడే ఉంది.

ఇవాళ ఈ ఏటి ఫారం వచ్చింది. ఆయన ప్రశ్నలు పైకే చదువుకుంటున్నారు, బీరువా తలుపు సందులోంచి వినిపిస్తున్నాయి. "కంటి చార్టు ప్రదర్శనలో ఉందా?" పెన్ను చప్పుడు ఆగింది.

కుర్చీ జరిగింది. అడుగులు ఇటే వస్తున్నాయి.