చక్రం కింద చెక్క

లారీని లారీ మీద ఎక్కించి తీసుకుపోతారని విన్న రోజు మాదన్న రొట్టె ముట్టలేదు.

కబురు తెచ్చింది కూతురు కవిత. ఆదోని మునిసిపాలిటీలో చెత్త లారీ తోలుతుంది. డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, తండ్రి ముందు జొన్నరొట్టె పళ్లెం పెట్టి చెప్పింది.

"నాయనా, మాయమ్మ సవతిని ట్రైలర్ ఎక్కిస్తాండారు."

సవతి అంటే లారీ. కవిత తల్లి హులిగెమ్మ బతికున్నన్నాళ్లూ దాన్ని ఆ పేరుతోనే పిలిచింది. నెలకు ఇరవై రోజులు మొగుడు దానితోనే ఉంటే ఇంకేమంటుంది.

"యాడికి?"

"ఎమ్మిగనూరికి. సావుకారోళ్లు ఆడ కొత్త మిల్లు తెరుస్తాండారంట. శుక్రవారం గేటు ముందర నిలబెడతారు. శనివారం పాత ఇనుము కొనేటోనికి ఇచ్చేస్తారు. గ్యాస్ కట్టర్‌తో కోస్తారంట."

"దానికి చక్రాలు లేవా? ట్రైలర్ ఎందుకు?"

"ముందుకు పోతల్లేదంట."

మాదన్న పళ్లెం పక్కకు జరిపాడు. "స్కూటర్ తియ్," అన్నాడు.

ఆ లారీ గురించి చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. డెబ్బై తొమ్మిదిలో కొన్న ముక్కు లారీ. ఇంజను క్యాబిన్ కింద దాక్కోదు, ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. డోరు మీద సావుకారి బాలకృష్ణయ్య పేరు ఉంది. డ్రైవర్ పేరు లారీ మీద ఎక్కడా ఉండదు. గుద్దితే మాత్రం పోలీసు కాగితంలో మొదటి వరసలో ఉంటుంది. ఆదోని పత్తి ఊరయిందంటే బజారులో కూర్చుని తువాలు కింద వేళ్లు పట్టుకుని బేరాలాడిన వాళ్ల వల్లే అని పెద్దలు చెప్పుకుంటారు. చెప్పుకోనీ. ఆ పత్తి కాళ్లు మొలిచి పోయిందా బొంబాయికి? ఇచల్‌కరంజికి, కోయంబత్తూరుకు దాన్ని ఎవరు చేర్చారు? ఇరవై తొమ్మిదేళ్లు ఈ ఒక్క లారీలో చేర్చినవాడు మాదన్న.

వానలో వైపరు ఆగిపోతే బీడీ విప్పి, పొగాకు తడిపి అద్దానికి రుద్దేవాడు. నీళ్లు నిలవకుండా జారిపోయేవి. బీడీకట్ట ఆ పనికే. పత్తి లోడు ఎక్కిన గంట నుంచి అది దిగేదాకా, రెండు రోజులైనా మూడు రోజులైనా, బీడీ వెలిగించేవాడు కాదు. ఎవరూ కాపలా లేరు. అయినా వెలిగించేవాడు కాదు. దాన్ని పనితనం అంటారు.

లారీలో ఎవరి పని వాళ్లదే. స్టీరింగు డ్రైవర్‌ది. చెక్క క్లీనర్‌ది. చెక్క అంటే ఎత్తులో బండి ఆగినప్పుడు వెనక చక్రం కింద పెట్టే తుమ్మ మొద్దు. క్లీనర్ దూకి పెట్టాలి. పెట్టాక బాడీ మీద ఒక్క దెబ్బ కొట్టాలి: నిలబడింది అని. రెండు దెబ్బలు కొడితే పోనీ అని. బండి కదిలితే మొద్దు ఎత్తుకుని వెనక పరిగెత్తాలి. డ్రైవర్ ఆ చెక్కను ముట్టడు. ముట్టాడని తెలిస్తే దాబాలో అతని మంచం పక్కన మంచం వేసుకునేవాడు ఉండడు. మాదన్న జన్మలో ఒక్కసారి కూడా ముట్టలేదు. ఆ మాట గర్వంగా చెప్పుకునేవాడు.

సావుకారి పాత మిల్లులో లారీ కొత్త రంగులో మెరుస్తోంది. దాని వెనక గోడ పది అడుగుల మేర కూలి ఉంది. వెనక చక్రాలు పత్తి గింజల కుప్పలో దిగబడి ఉన్నాయి. సావుకారి మనవడు రాఘవ్ ఫోన్లో ట్రైలర్ వాడితో మాట్లాడుతున్నాడు. వసారాలో కుర్చీ వేసుకుని అతని అవ్వ తులసమ్మ కూర్చుని ఉంది. సావుకారి పోయాక మిల్లు ఆమెదే.

"ఎవురప్పా గోడ పడగొట్టింది?" అన్నాడు మాదన్న.

రాఘవ్ ఫోన్ పెట్టేశాడు. "ఎల్లప్ప అని, ఇరవై ఏండ్ల నుంచి ట్యాంకర్లు తోల్తాండాడు. ఇంజను బాగు చేపిచ్చినా, ఒక్కరోజుకు రోడ్డు అనుమతి తెచ్చినా. ఆయప్ప ఒకటో గేరేస్తే బండి ఎనక్కి పోయింది. మళ్లా ఏస్తే మళ్లా ఎనక్కే. దయ్యం పట్టిన బండి అని దిగి ఎళ్లిపోయినాడు."

మాదన్న నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది.

"దయ్యం గాదప్పా. నేనే."

"అంటే?"

"తొంభై ఒకటిలో కొల్లాపూర్ దాటినాక గేర్‌బాక్సు పగిలె. ఊరు గాని ఊరు. ఆడి మేస్త్రీ ఇంకో బండిది తెచ్చి బిగిచ్చినాడు. బిగిచ్చినాక సూస్తే అన్నీ తిరగబడినాయి. ఒకటి ఉండాల్సిన కాడ రివర్సు, రివర్సు కాడ ఒకటి. రెండు కాడ మూడు, మూడు కాడ రెండు. మళ్లా విప్పుతా అన్న్యాడు. మీద మబ్బు పట్టె, పత్తి తడుస్తాది. వద్దులే, నా సెయ్యే నేర్చుకుంటాది అన్నా. నేర్చుకునింది."

"మాకు ఒక్క మాట చెప్పలేదే?"

"సెప్తే ఇంకొకని సేతికి ఇచ్చేటోళ్లు."

వసారాలో తులసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందని భుజాలు చెప్పాయి.

"మాదన్నా, నువ్వు డ్రైవర్ల సంఘం పెట్టినావని మా ఆయప్ప నిన్ను రెండుమాట్లు పనిలోంచి తీసేసె. రెండుమాట్లూ కొత్త డ్రైవరు గేటు గూడా దాటించలేక పాయె. మళ్లా నిన్నే పిలిపిచ్చె. ఏం మాయ చేసినాడో ఈ మాదడు అని సచ్చేదాకా అనుకున్న్యాడు."

"ఆయప్పకు సెప్పల్లనే అనుకుంటిని అవ్వా. వీలు దొరకల్యా."

నలభై మంది డ్రైవర్లు సమ్మె చేసి సాధించలేనిది ఒక తిరగబడ్డ గేరు సాధించింది. రాఘవ్ వ్యాపారం తెలిసినవాడు. వెంటనే లెక్క మార్చుకున్నాడు.

"సరే, నువ్వే తోలు. ట్రైలర్ వద్దని చెప్తా. తన చక్రాల మీద ఎమ్మిగనూరు చేరిందంటే షెడ్డు వేసి గేటు కాడే పెట్టుకుంటా. కోయనీయను. చేరలేదంటే మాత్రం శనివారం ఇనుమే."

మాదన్న బానెట్ మీద చేయి వేసి అన్నాడు.

"నాకు లైసెన్సు లేదు. ఆరేండ్ల కింద కంటి పరీక్షలో పోయింది."

"ముప్పై కిలోమీటర్లే గదా. పోలీసులకు నేను చెప్పుకుంటాలే."

"అట్ల సెప్పుకునే బండ్లే మనుషుల మీదికి ఎక్కేది. నలభై ఏండ్లు లైసెన్సు జోబులో పెట్టుకొని తోలినోన్ని. దొంగగా ఒక్క కిలోమీటరు గూడా తోల్ల."

"అయితే దాని రాత అంతే," అని రాఘవ్ మళ్లీ ఫోన్ తీశాడు.

"నేను తోల్తా," అంది కవిత. అంతవరకూ ఆమె స్కూటర్ మీదే కూర్చుని ఉంది. "నా కాడ హెవీ లైసెన్సుంది."

మాదన్న తిరిగి చూశాడు. ఈ పిల్ల ఏడేళ్లప్పుడు ఈ లారీ ఎక్కుతానని మట్టిలో పొర్లి ఏడ్చింది. ఎక్కనివ్వలేదు. ఇరవై ఏళ్లప్పుడు డ్రైవింగ్ నేర్పమంది. ఆడపిల్లకు స్టీరింగేందని పంపించేశాడు. సంఘం మీటింగుల్లో అందరూ సమానమని గంటసేపు అరిచిన గొంతు అదే. కవిత మునిసిపాలిటీలో చేరి, పక్క డ్రైవర్ల వెక్కిరింపులు పడి, తానే నేర్చుకుంది.

"అది సెత్త బండి మాదిరి గాదమ్మే."

"సెత్త బండికీ గేర్లుంటాయి నాయనా. ఉండాల్సిన కాడ ఉంటాయి, అంతే."

"ఆ పాపకే ఇయ్యి రాఘవ్," అంది తులసమ్మ. "ఇంగ ఎవురున్న్యారు నీకు?"

శుక్రవారానికి రెండు రోజులున్నాయి. రెండు రోజులూ సాయంత్రం డ్యూటీ అయ్యాక మిల్లు ఆవరణలోనే సాధన. మాదన్న మొదటిసారి ఆ లారీలో ఎడమ పక్క కూర్చున్నాడు, క్లీనర్ సీట్లో. మొదటి రోజు గేరు వేసినప్పుడల్లా ఇనుము అరిచింది. అరిచినప్పుడల్లా మాదన్న తన పన్ను పీకినట్టు మొహం పెట్టాడు.

"క్లచ్ తొక్కు. న్యూట్రల్. వదులు. కొంచెం రేసియ్యి. మళ్లా తొక్కు. ఇప్పుడెయ్యి. సేత్తో గాదమ్మే, సెవితో ఎయ్యల్ల. ఇంజను ఎప్పుడు అడుగుతాదో అప్పుడు."

"ఎప్పుడు అడుగుతాది?"

"నోరు మూసుకో, వినపడతాది."

రెండో రోజు కవిత నోరు మూసుకుంది. వినపడింది. రెండో గేరు వెన్నలో వేలు పెట్టినట్టు దిగింది. తండ్రి జేబులోంచి బీడీ తీశాడు, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. లోడు లేదు. అయినా వెలిగించలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదికి ముక్కు లారీ ఆదోని దాటింది. వెనక రాఘవ్ కారు. రోడ్డుకు రెండు పక్కలా పత్తి చేలు. షేరింగ్ ఆటోల వాళ్లు తలలు బయట పెట్టి చూశారు, పాత ఇంజను చప్పుడుకు ముసలివాళ్లు టీ గ్లాసులతో బయటికొచ్చారు. మాదన్న వాళ్ల వైపు చూడలేదు. చెవి ఇంజను మీద పెట్టి కూర్చున్నాడు.

"హుబ్బళ్లి దాటినాక ఘాట్ రోడ్డు దిగేటప్పుడు భయమేస్తాండెనా నాయనా?" అంది కవిత.

"ఎయ్యదని సెప్పేటోడు డ్రైవరు గాదు. మూడో గేరులో దిగుతాంటి. బ్రేకును నమ్మితే బూడిదే."

"మాయమ్మకు ఎప్పుడన్నా సెప్పినావా భయమేసిందని?"

"సెప్పల్యా. రోడ్డు చూస్కో."

కోటేకల్ దగ్గర ఎత్తు వచ్చింది. పెద్ద ఎత్తేమీ కాదు, కొత్త బండ్లు గమనించవు. సగం ఎక్కాక గొర్రెల మంద అడ్డం వచ్చింది. కవిత వేగం తగ్గించింది, మూడులోంచి రెండుకు దించబోయింది. కంగారులో ఆమె చేయి మునిసిపాలిటీ అలవాటుకు పోయింది. రెండు ఉండాల్సిన చోట మూడే ఉంది. ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

లారీ వెనక్కి జారడం మొదలుపెట్టింది. కవిత బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. బండి ఆగింది. హ్యాండ్‌బ్రేకు గుంజింది; కొత్తగా వేసిన తీగ సాగిపోయింది, పట్టలేదు. వెనక రాఘవ్ కారు, దాని వెనక బడి పిల్లల ఆటో.

"నాయనా, కాలు తీస్తే పోతాది. కాలు తీయకపోతే స్టార్ట్ సెయ్యలేను."

క్యాబిన్‌లో మూడో మనిషి లేడు. సీటు కింద పాత తుమ్మ చెక్క ఉంది, పదిహేడేళ్లుగా ఎవరూ తీయలేదు. మాదన్న దాన్ని చూశాడు. ఒక్క క్షణం మాత్రమే చూశాడు.

అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లతో డోరు తీసి దూకాడు. పడబోయి నిలదొక్కుకున్నాడు. చెక్క ఎత్తుకుని వెనక్కి పోయి, చక్రం కింద తన్ని బిగించాడు. బాడీ మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

కవిత బ్రేకు వదిలింది. లారీ అంగుళం జరిగి చెక్క మీద నిలబడింది.

రాఘవ్ కారు దిగి పరిగెత్తుకొచ్చాడు. "చాలు మాదన్నా. ఈడికొచ్చింది గదా, అదే గొప్ప. ట్రైలర్ పిలిపిస్తా."

"పక్కకు జరుగప్పా. డ్రైవర్‌కు అద్దంలో నేను కనపడల్ల."

గొర్రెలు దాటాయి. ఇంజను మళ్లీ లేచింది. మాదన్న కళ్లు మూసుకుని విన్నాడు. క్లచ్. న్యూట్రల్. క్లచ్. ఒకటో గేరు పడిన చప్పుడు విన్నాక బాడీ మీద రెండు దెబ్బలు కొట్టాడు. లారీ ముందుకు కదిలింది. అతను వంగి చెక్క ఎత్తుకున్నాడు.

ఎత్తులో బండి ఆపకూడదు. కవితకు అది తెలుసు, ఆపలేదు. రాఘవ్ కారు డోరు తెరిచాడు. మాదన్న ఎక్కలేదు. మొద్దు భుజాన వేసుకుని ఆ ఎత్తంతా నడిచాడు. చొక్కా వీపుకు అంటుకుంది. పైన లారీ రెండో గేరుకు మారింది, ఇనుము చప్పుడు లేదు. మూడో గేరు. అదీ లేదు. ఇన్నేళ్లలో ఆ బండి గేరు మారడాన్ని అతను బయట నుంచి వినడం ఇదే మొదలు. ఎప్పుడూ లోపలే ఉన్నాడు మరి. ఇంత బాగుంటుందని తెలియదు.

ఎత్తు పైన సమంగా ఉన్న చోట కవిత ఆపి కాచుకుని ఉంది. తండ్రి చేతికి నీళ్ల సీసా ఇచ్చింది.

"తప్పు నాదే నాయనా. సెయ్యి మర్సిపోయింది."

"నేను కొల్లాపూర్‌లో మూడుమాట్లు మర్సిపోయినా. సెట్టు గుద్దినా. ఎవురికీ సెప్పల్యా. పోనీ."

ఎమ్మిగనూరులో కొత్త మిల్లు గేటు ముందు షామియానా. ముందే కారులో వచ్చిన తులసమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. పాత డ్రైవర్లు పదిమంది దాకా వచ్చారు. రాఘవ్ మైకు అందుకుని, మా తాత కొన్న మొదటి లారీ, ఇదిగో మన మాదన్న తోలుకొచ్చాడు అన్నాడు. చప్పట్లు కొట్టారు.

లారీ ఎడమ డోరు తెరుచుకుంది. మాదన్న చెక్కతో దిగాడు. ఆ డోరులోంచి, చేతిలో దానితో అతను దిగడం చూసి పాత డ్రైవర్ల చప్పట్లు ఆగిపోయాయి. అతని కాలం వాడు మంజునాథ్ ముందుకొచ్చాడు.

"ఏం మాదన్నా, సెక్క మోస్తాండావు? ముసలితనంలో క్లీనర్ పనికి దిగినావే."

"రాఘవప్ప అలవాటు కొద్దీ నా పేరు సెప్పినాడు. తోలింది నేను గాదు, నా కూతురు," అన్నాడు మాదన్న, మైకు అవసరం లేని గొంతుతో. "ఆ డ్రైవర్ కాడ క్లీనర్ పని అందరికీ దొరకదప్పా."

కవిత ఇంకా బ్రేకు మీద కాలు పెట్టుకుని అద్దంలో చూస్తోంది. మాదన్న వెనక్కి పోయి, వంగి, చక్రం కింద చెక్క పెట్టాడు. రెండుసార్లు తన్ని చూశాడు. లేచి, అరచేత్తో బాడీ మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

కవిత ఇంజను ఆపింది.