కథలో నోరు మెదపని యాడి

పెన్సిల్‌తో నా కథ కింద పక్కపిల్ల రాసింది కదా, బొటనవేలితో రుద్దితే పోతది, కానీ వెంకటనారాయణ సార్ పెట్టిన షరతు గట్ల లేదాయె, నోట్‌బుక్కులు మార్చుకోవాలె, పక్కమనిషి మన కథ కింద ఏం రాస్తే అది మనమే నిలబడి పైకి చదవాలె, ఎదురు జవాబు చెప్పొద్దు, చివరికి క్లాసంతా ఒప్పుకున్న కథ కాలేజీ మ్యాగజైన్ల అచ్చయితది, కింద నా పేరుంటది, ద్వాలి, బి.ఏ. మొదటి సంవత్సరం, 1986 అని, మా తండాల ఇప్పటిదాంక అచ్చుల పేరు పడ్డదంటే ఓటర్ల లిస్టులనే, నాకు ఆశ లేదని ఎవరన్నరు.

ఇంతకుముందే హైమ నిలబడ్డది, వేంసూరు మామిడితోటలోళ్ల పిల్ల, దాని కథల అమ్మాయిలు సాయంత్రం పూట ఇప్పచెట్టెక్కి పూలు కోసి ఒడిల నింపుకుంటరు, నేను కింద రాసిన, ఇప్పపువ్వు కొయ్యరు, తెల్లారుగట్ల దానంతటదే రాలుతది, చెట్టు కింద ఆకులు ఊడ్చిపెట్టుకొని ఏరుకుంటరు అని, అది చదువుతుంటే క్లాసంతా నవ్వింది, హైమ చెవులు ఎర్రగైనయ్, మామిడికాయల్లాగే కోస్తారనుకున్నానే అన్నది నా దిక్కు చూసి, నాకు ఛాతీ పొంగింది, అవ్, పొంగింది, అబద్ధమెందుకు.

ఇగ నా వంతు, నా కథల తల్లీకూతుళ్లు ఇప్పపువ్వు ఏరుతరు, దాని కింద హైమ రాసింది చదివిన, పువ్వు ఏరడం కళ్లకు కట్టింది, కానీ కథంతా కూతురే మాట్లాడుతుంది, తల్లి ఒక్క మాటైనా మాట్లాడదేమిటి, మూగదా, అని, కక్ష తీర్చుకున్నది అనుకున్న, నీకేం తెలుసు అని నోటిదాంక వచ్చింది, మింగిన, మూగదట, మా అమ్మ, మేం యాడి అంటం, యాడి కేకేస్తే వాగు అవతలి మేకలు మళ్లొస్తయ్, మూగదైతే ఆ రోజు హాస్టల్ కాడ అంత గోల ఎందుకైతది, అద్దాల లంగాతోటి, ఎండిన ఇప్పపూల మూటతోటి గేటు కాడ నిలబడి మా లంబాడి మాటల నన్ను పిలిస్తే పిల్లలందరూ కిటికీలకు ఎగబడ్డరు, నేను ఉరికిపోయి, తెలుగుల, మెల్లగ మాట్లాడు అన్న, యాడి నా ముఖం చూసింది, ఇగ ఒక్క మాట మాట్లాడలె, మూట చేతికిచ్చి కారేపల్లి బస్సెక్కింది.

యాడిని మూగ చేసింది నేనే, గేటు కాడ ఒకసారి, నోట్‌బుక్కుల రెండోసారి, హైమకు ఇప్పచెట్టు తెల్వదు, మా తండా తెల్వదు, అయినా నేను దాచింది దాని కంటికి ఆనింది, సార్ అడుగుతున్నడు, ద్వాలీ, అందరూ నీ కథే అంటున్నరు, పంపుదామా అని, గిట్లనే వద్దు సార్, మార్చి రాసి తెస్త అన్న, రేపు పొద్దున ప్రెస్సుకు పోతది, తేకపోతే హైమ కథ పంపుత అన్నడు, తేకపోతే పంపుండ్రి సార్, కానీ నేను తెస్త అన్న, హైమ బెంచి మీద నుంచి నన్నే చూస్తున్నది, నాకు మళ్ల ఛాతీ పొంగుతున్నది, ఈసారి పొంగింది యాడిని తలుచుకొని, ఇగ నా కథల చెట్టు కింద యాడి మాట్లాడుతది, మా మాటలనే, తెలుగు అక్షరాలల్ల, అర్థం కానోళ్లు నన్నడగాలె, నేను నిలబడి చెప్త, మెల్లగ కాదు.